ఆరుగురిలో ముగ్గురు: 26 ఏళ్లకే వెళ్లిపోయిన రామ్సే కథ

బహ్రెయిన్‌లో మన ఉగాది పంచాంగంలో ఉన్న రోజున రాదు. దగ్గర్లోని శుక్రవారం నాడు వస్తుంది. ఆ ఏడాది మనామాలో ఒక హాలు మాట్లాడుకున్నాం. ఉగాది పచ్చడి ఒకరు, పంచాంగ శ్రవణం ఒకరు, పిల్లల పాటలు ఒకరు తీసుకున్నారు. నా వంతుకు భోజనాల బల్లలు వచ్చాయి. 60 మంది పెద్దవాళ్లు ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో జాబితా వేయాలి. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, పది నిమిషాల్లో చేసేస్తాడని మిగతావాళ్ల నమ్మకం. నా నమ్మకమూ అదే.

మొదటి బల్ల కోసం ఒక ప్రశ్న వేసుకున్నాను. ఈ 60 మందిలో ప్రతి ఒక్కరికీ మిగతా అందరూ తెలిసిన గుంపుల్లో అన్నిటికంటే పెద్దది ఏది? ఎవరికి ఎవరు తెలుసో వాట్సాప్‌లో అడిగి పట్టిక తయారు చేశాను. సాధ్యమైన గుంపులన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించమని ప్రోగ్రాం రాసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అది ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. 60 మందిలోంచి ఎంచగల గుంపులు 11,500 కోట్ల కోట్లకు పైనే. సెకనుకు 100 కోట్ల గుంపులు చూసే యంత్రం ఉన్నా 36 ఏళ్లు పడుతుంది. ఇంకో పదిమంది అతిథులు వస్తే 37 వేల ఏళ్లు. ఇది నేను మాస్టర్స్‌లో చదువుకున్న సంగతే. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మర్చిపోయాను.

పాత పాఠాలు తిరగేస్తుంటే రామ్సే సిద్ధాంతం కనిపించింది. పరీక్ష కోసం బట్టీ పట్టిన పేరు. ఆ పేరు వెనక మనిషి ఎవరో ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ వారం రాత్రిళ్లు కూర్చుని ఆయన జీవితం చదివాను. బల్లల పని సంగతి పక్కన పెడితే, చదివింది చాలా రోజులు వదల్లేదు.

కేంబ్రిడ్జి కుర్రాడు

ఫ్రాంక్ ప్లంప్టన్ రామ్సే 1903 ఫిబ్రవరి 22న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో పుట్టాడు. తండ్రి ఆర్థర్ రామ్సే అక్కడి మాడ్లిన్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నలుగురు పిల్లల్లో ఫ్రాంక్ పెద్దవాడు. తమ్ముడు మైఖేల్ తర్వాతి కాలంలో మతంలోకి వెళ్లి, 1961లో క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. అన్న ఫ్రాంక్ మాత్రం నాస్తికుడు.

వించెస్టర్‌లో స్కూలు చదువు ముగించుకుని 1920లో ట్రినిటీ కాలేజీలో చేరాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే శ్రీనివాస రామానుజన్ మద్రాసులో కన్నుమూశాడు. రామానుజన్ ఇంగ్లండ్‌లో ఉన్న 1914-19 మధ్య కాలంలో పనిచేసింది కూడా ఈ ట్రినిటీలోనే. ఒకరు వెళ్లిన గుమ్మంలోంచి ఏడాది తిరిగేసరికి మరొకరు లోపలికి వచ్చారు. రామానుజన్‌కు 32 ఏళ్లు దక్కాయి. రామ్సేకు అన్ని కూడా దక్కలేదు.

ఆ కుర్రాడు ఆరడుగులు దాటిన భారీ మనిషి. గదంతా వినిపించేలా నవ్వేవాడు. డాబు తెలియదు. జర్మన్ భాష సొంతంగా నేర్చుకున్నాడు. ఆ భాష వచ్చిన కొద్దికాలానికే చేతికి ఒక కొరకరాని పుస్తకం వచ్చింది. ఆస్ట్రియా తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ రాసిన ట్రాక్టేటస్ అది. తర్కం గురించి, భాష హద్దుల గురించి రాసిన ఆ పుస్తకం పెద్ద పెద్ద పండితులకే అంతుపట్టలేదు. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చే పనిలో ప్రధాన భారం రామ్సే మీద పడింది. షార్ట్‌హ్యాండ్ టైపిస్టుకు చెబుతూ రాయించాడు. అప్పటికి ఆయనకు ఇంకా 20 ఏళ్లు నిండలేదు. పుస్తకం 1922లో వచ్చింది.

1923లో గణితంలో విశ్వవిద్యాలయం మొత్తానికీ ప్రథముడిగా నిలిచాడు. ఆ సెప్టెంబరులో రైలెక్కి ఆస్ట్రియాలోని పుష్‌బెర్గ్ అనే ఊరికి వెళ్లాడు. విట్‌గెన్‌స్టైన్ అప్పుడు అక్కడ చిన్నపిల్లల బడిలో పంతులుగా ఉన్నాడు. రెండు వారాల పాటు, రోజూ బడి వదిలాక ఇద్దరూ గంటల తరబడి కూర్చుని పుస్తకాన్ని పేజీ పేజీ చదివారు. ఒకరికి 34, మరొకరికి 20. తర్వాత 1929లో విట్‌గెన్‌స్టైన్ కేంబ్రిడ్జికి వచ్చి పీహెచ్‌డీకి చేరితే, ఆయనకంటే 14 ఏళ్లు చిన్నవాడైన రామ్సేనే మార్గదర్శిగా పెట్టారు.

అంతా సాఫీగా సాగిన జీవితమేమీ కాదు. 1924లో మనసు బాగోక వియన్నా వెళ్లి, నెలల తరబడి మనోవిశ్లేషణ చికిత్స తీసుకున్నాడు. తిరిగొచ్చాక ప్రసిద్ధ ఆర్థికవేత్త కీన్స్ చొరవతో కింగ్స్ కాలేజీలో ఫెలో అయ్యాడు. అప్పటికి వయసు 21. మరుసటి ఏడాది లెటిస్ బేకర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. 1926లో విశ్వవిద్యాలయంలో గణిత లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. 1927లో తల్లి కారు ప్రమాదంలో చనిపోయింది. ఆ కారు నడుపుతున్నది తండ్రే.

ఇన్నిటి మధ్య ఆయన రోజుకు పనిచేసింది పొద్దుటిపూట నాలుగు గంటలే. మిగతా సమయం పాఠాలు, నడక, టెన్నిస్, గ్రామఫోను. రోజుకు పన్నెండు గంటలు స్క్రీన్ ముందు కూర్చునే నాలాంటి వాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

పొదుపు లెక్క

గల్ఫ్‌లో ఉండే మనకు రామ్సే చేసిన ఇంకో పని దగ్గరగా తగులుతుంది. 1928లో కీన్స్ నడిపే ఆర్థిక పత్రికలో పొదుపు మీద ఒక వ్యాసం రాశాడు. ఒక దేశం తన సంపాదనలో ఎంత ఖర్చు పెట్టుకోవాలి, ఎంత రాబోయే తరాల కోసం దాచాలి అన్నది ప్రశ్న. ఈ రోజు ఒక రూపాయి తగ్గించుకుంటే పడే కష్టం ఎంత, దాని వల్ల రేపు కలిగే సుఖం ఎంత అని గణితంతో తూచాడు.

రేపటివాళ్లు ఇంకా పుట్టలేదు కాబట్టి వాళ్ల సుఖానికి తక్కువ విలువ కట్టడం న్యాయం కాదని ఆయన పట్టుబట్టాడు. అలా చూస్తే, మామూలుగా ఎవరూ చేయనంత పొదుపు చేయాలని లెక్క తేలింది. నాలుగు దశాబ్దాల తర్వాత ఆర్థికశాస్త్రం ఆ వ్యాసాన్ని మళ్లీ పట్టుకుంది. ఇవాళ ఎదుగుదల సిద్ధాంతాల పాఠం దానితోనే మొదలవుతుంది.

ఇంకో రెండేళ్లు చేసి వెళ్లిపోదామని ప్రతి రెండేళ్లకూ అనుకునే మనకు ఆ లెక్కలో సగం బాగా తెలుసు. పిల్లల చదువుకు, ఊళ్లో ఇంటికి దాస్తూనే ఉంటాం. కానీ రామ్సే లెక్కకు రెండో పక్క కూడా ఉంది. రేపటివాళ్ల సుఖం మన సుఖంతో సమానమే తప్ప ఎక్కువ కాదు. ఈ రోజుకూ ఒక విలువ ఉంది. అది రాసేటప్పుడు తనకు మిగిలింది ఏడాది చిల్లరేనని ఆయనకు తెలియదు.

దారిలో వేసిన మెట్టు

ఇక అసలు సంగతి. జర్మన్ గణిత శాస్త్రవేత్త హిల్బర్ట్ అప్పట్లో ఒక పెద్ద ప్రశ్న వదిలాడు. తర్కంలో ఏ వాక్యం ఇచ్చినా, అది అన్ని సందర్భాల్లోనూ నిజమో కాదో, ఆలోచన అక్కర్లేకుండా, వరసగా మెట్లు పాటిస్తూ పోయి తేల్చగల పద్ధతి ఉందా? ఇవాళ మనం అల్గారిథమ్ అనేది దీన్నే. కంప్యూటర్ ఇంకా పుట్టని రోజులవి.

రామ్సే ఆ ప్రశ్న మొత్తాన్ని మోయలేదు. ఒక రకం వాక్యాలను మాత్రం తీసుకుని, వాటికి అలాంటి పద్ధతి ఉందని చూపించాడు. మధ్యలో ఒక మెట్టు అవసరమైంది. తగినంత పెద్ద గుంపు ఏదైనా, అది ఎంత గజిబిజిగా ఉన్నా, అందులో ఒక క్రమం తప్పకుండా దొరుకుతుందన్నదే ఆ మెట్టు. దాన్ని నిరూపించి, దాని మీద అడుగేసి ముందుకు వెళ్లిపోయాడు.

ఈ మెట్టును ఇప్పుడు పిల్లలకు కూడా విందు లెక్కగా చెబుతారు. మన ఇంటికి ఎవరైనా ఆరుగురు అతిథులు వచ్చారనుకోండి. వాళ్లలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురైనా ఉంటారు, లేదా ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురైనా ఉంటారు. రెండూ లేకపోవడం కుదరదు.

ఎందుకో చూద్దాం. ఆరుగురిలో ఒకరిని తీసుకోండి, సుబ్బారావు అనుకుందాం. మిగతా ఐదుగురిలో ఆయనకు తెలిసినవాళ్లు కనీసం ముగ్గురుండాలి, లేదా తెలియనివాళ్లు కనీసం ముగ్గురుండాలి. తెలిసినవాళ్లు ముగ్గురున్నారనుకోండి. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరికి పరిచయమున్నా, సుబ్బారావుతో కలిసి ఒకరికొకరు తెలిసిన ముగ్గురయ్యారు. ఏ ఇద్దరికీ పరిచయం లేకపోతే, ఆ ముగ్గురే ఒకరికొకరు తెలియనివాళ్లు. తెలియనివాళ్లు ముగ్గురైనా ఇదే వాదన తిరగేసి చెప్పుకోవచ్చు. ఐదుగురైతే మాత్రం తప్పించుకోవచ్చు. గుండ్రంగా కూర్చోబెట్టి, ప్రతివాళ్లకూ ఇరుపక్కల వాళ్లు మాత్రమే తెలుసనుకుంటే అలాంటి ముగ్గురు ఎటూ దొరకరు.

మనుషులను చుక్కలుగా, పరిచయాలను గీతలుగా వేస్తే వచ్చే బొమ్మను గ్రాఫ్ అంటారు. అందులో ప్రతి చుక్కకూ మిగతా అన్ని చుక్కలతో గీత ఉన్న గుంపును క్లీక్ అంటారు. మౌస్‌తో చేసే క్లిక్ కాదు. ఊళ్లో జట్టు కట్టడం అంటామే, ఆ అర్థం. 1949లో లూస్, పెర్రీ అనే ఇద్దరు అమెరికన్లు మనుషుల గుంపులను లెక్కగట్టడానికే ఆ మాటను గణితంలోకి తెచ్చారు.

1928 డిసెంబరులో రామ్సే వ్యాసం లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ముందుకు వచ్చింది. 1929 చివర్లో ఆయనకు కామెర్లు వచ్చాయి. తగ్గలేదు. లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. కోలుకోలేదు. 1930 జనవరి 19న చనిపోయాడు. 27వ పుట్టినరోజుకు నెల రోజులే ఉంది. ఆ వ్యాసం సంపుటిగా అచ్చులో వచ్చింది కూడా 1930లోనే. ఇద్దరు పసిపిల్లలతో మిగిలిన లెటిస్, 1932లో ఇంకొకావిడతో కలిసి కేంబ్రిడ్జిలో ఫొటో స్టూడియో పెట్టి, మంచి ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకుంది.

మెట్టే మేడ అయింది

హిల్బర్ట్ అడిగిన పద్ధతి అసలు ఉండదని 1936లో తేలింది. తేల్చినవాళ్లు ఇద్దరు. అమెరికాలో చర్చి, ఇంగ్లండ్‌లో టూరింగ్. ఆ టూరింగ్ కింగ్స్ కాలేజీ వాడే, రామ్సే పోయిన మరుసటి ఏడాది అక్కడ విద్యార్థిగా చేరాడు. రామ్సే తేల్చిన ఆ ఒక్క రకం వాక్యాలకు మాత్రం పద్ధతి చెక్కుచెదరలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పుల్లేవని గణితంతో రుజువు చేసే పనిముట్లు ఇవాళ్టికీ ఆ రకాన్ని వాడుకుంటున్నాయి.

ఆ మెట్టు కథ ఇంకా చిత్రం. 1933 ప్రాంతంలో బుడాపెస్ట్‌లో కుర్ర గణితజ్ఞుల బృందం ఒకటి కలుసుకునేది. ఎస్తేర్ క్లైన్ అనే అమ్మాయి వాళ్లకు చుక్కల మీద ఒక పొడుపు ప్రశ్న వేసింది. జార్జ్ సెకెరెష్ దానికి సాధారణ జవాబు వెతుకుతూ, రామ్సే పేరు కూడా వినకుండానే ఆయన సిద్ధాంతాన్ని మళ్లీ కనిపెట్టాడు. పాల్ ఎర్దోష్‌తో కలిసి 1935లో అచ్చు వేశాడు. ఎస్తేర్, జార్జ్ 1937లో పెళ్లి చేసుకున్నారు. యూదులు కాబట్టి నాజీల కాలంలో షాంఘై వెళ్లి, అక్కణ్నుంచి ఆస్ట్రేలియా చేరారు. 2005 ఆగస్టు 28న ఇద్దరూ ఒకే రోజు చనిపోయారు. పరాయి దేశంలో ఏడు దశాబ్దాలకు దగ్గరైన కాపురం.

ఇప్పుడు రామ్సే సిద్ధాంతం అంటే ఒక పెద్ద గణిత శాఖ. ఆయన ప్రశ్నలు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. ముగ్గురి బదులు నలుగురు కావాలంటే కనీసం 18 మంది అతిథులు ఉండాలని 1955లో తేలింది. ఐదుగురు కావాలంటే ఎంతమంది? ఇవాళ్టికీ జవాబు లేదు. 43కు తక్కువ కాదని, 46కు ఎక్కువ కాదని మాత్రమే తెలుసు. ఆ 46 కూడా 2024లో వచ్చిన మాట. కంప్యూటర్‌కు ఇస్తే సరిపోదా అనిపిస్తుంది. 43 మందిలో 903 జతలు ఉంటాయి. ప్రతి జతా పరిచయమో కాదో రెండు రకాలు. మొత్తం బొమ్మల సంఖ్య రాయాలంటే 272 అంకెలు కావాలి.

ఇచ్చిన ఒక్క బొమ్మలో అతి పెద్ద క్లీక్ వెతకడమూ కష్టమే. 1972లో రిచర్డ్ కార్ప్ 21 మొండి సమస్యల జాబితా ఇచ్చాడు. క్లీక్ అందులో ఒకటి. వాటిలో ఏ ఒక్కదానికైనా, ఎంత పెద్ద లెక్కకైనా త్వరగా పనిచేసే పద్ధతి దొరికితే అన్నిటికీ దొరికినట్టే. అలాంటి పద్ధతి ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

మళ్లీ బల్లల దగ్గరికి

అయినా పని ఆగదు. 1973లో బ్రాన్, కెర్బోష్ అనే ఇద్దరు డచ్చివాళ్లు ఒక తెలివైన పద్ధతి ఇచ్చారు. మూడు జాబితాలు పెట్టుకుంటాం. బల్ల దగ్గర ఇప్పటికే కూర్చున్నవాళ్లు, వాళ్లందరికీ తెలిసినవాళ్లు కాబట్టి ఇంకా చేరగలవాళ్లు, ముందే చూసేసినవాళ్లు. ఒకరిని కూర్చోబెట్టగానే ఆ మనిషికి తెలియనివాళ్లను రెండో జాబితాలోంచి తీసేస్తాం. ఇక చేరగలవాళ్లు లేకపోతే వెనక్కి వచ్చి ఇంకొకరితో మొదలుపెడతాం. ఒక్క పేరు కొట్టేస్తే లక్షల గుంపులు చూడాల్సిన పని తప్పిపోతుంది.

దీన్ని కూడా ముప్పుతిప్పలు పెట్టే బొమ్మలు ఉన్నాయి. 60 మందిని ముగ్గురేసి చొప్పున 20 ముక్కలు చేసి, ప్రతివాళ్లకూ తమ ముక్కలో ఇద్దరు తప్ప మిగతా అందరూ తెలుసనుకుంటే, ఇక పెంచడానికి వీల్లేని గుంపులు 348 కోట్లు దాటతాయి. అదృష్టవశాత్తూ మన మనుషుల పరిచయాలు అలా ఉండవు. పద్ధతి మార్చి నడిపితే రెప్పపాటులో జవాబు వచ్చింది. 11 మంది. చూస్తే అందరూ ఒకే చోట పనిచేసి, ఒకే వీధిలో ఉండి, ప్రతి శుక్రవారం ఒకే ఇంట్లో కలిసేవాళ్లు. మనలో జట్లు ఎందుకు కడతారని సమావేశాల్లో బాధపడుతుంటాం. కట్టకుండా ఉండటం కష్టమని ఆ బొమ్మ చూశాక అర్థమైంది.

పని అయిపోయిందనుకున్నాను. కానీ రామ్సే మాటకు రెండు సగాలు ఉన్నాయి. తెలిసినవాళ్ల గుంపు, లేదా తెలియనివాళ్ల గుంపు. 46 దాటింది కాబట్టి మా 60 మందిలో ఈ రెండింటిలో ఒక రకం ఐదుగురు ఉండి తీరాలి. మొదటి రకం 11 మంది ఎలాగూ దొరికారు. రెండో రకం కోసం ప్రోగ్రాంలో గీత ఉన్నచోట తీసేసి, లేనిచోట పెట్టి మళ్లీ నడిపాను. ఏడుగురి పేర్లు వచ్చాయి.

వాళ్లెవరో చూశాను. కొత్తగా వచ్చిన ఇద్దరు నర్సులు. సైటు మీద పనిచేసే ఒక సూపర్‌వైజరు. భార్యాపిల్లలను ఊళ్లో వదిలి వచ్చిన ఒక డ్రైవరు. భర్త ఉద్యోగం కోసం వచ్చి, బయటికి రాని ఒక ఇల్లాలు. మరో ఇద్దరు కుర్రాళ్లు. నా మొదటి జాబితాలో వీళ్లను ఖాళీ మిగిలిన కుర్చీల్లో, ఒక్కొక్కరిని ఒక్కో మూల పెట్టాను. ప్రతివాళ్లూ తమకు తెలియని జట్టు మధ్య ఒంటరిగా కూర్చుని తిని వెళ్లిపోయేవాళ్లు. ఇంతకుముందు వేడుకల్లో కొందరు ఒక్కసారి వచ్చి మళ్లీ ఎందుకు కనిపించలేదో అప్పుడు తట్టింది.

ఏడుగురికీ హాలు మధ్యలో ఒకే బల్ల వేశాం. అందరినీ పలకరించే అలవాటున్న ఒక పెద్దావిడ వాళ్లతో కూర్చుంటానని తనంతట తానే ముందుకు వచ్చారు. ఉగాది పచ్చడి దగ్గర మొదలైన మాటలు ఊళ్ల పేర్ల దగ్గరికి, అక్కణ్నుంచి ఫోన్ నంబర్ల దగ్గరికి వెళ్లాయి. తర్వాతి దసరాకు ఆ ఏడుగురిలో ఐదుగురు వచ్చారు. ఒకరి బదులు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఆ దసరాకు పట్టిక మళ్లీ తయారు చేశాను. పాత బొమ్మలో ఖాళీగా ఉన్న చోట కొత్త గీతలు పడ్డాయి. ఈసారి రెండో ప్రోగ్రాంను ముందు నడిపాను.